డాక్టర్ని కాను కదా, అక్కడికి వెళ్ళి నేనేం చెయ్యగలను?

విదేశాల్లో కమ్యూనిటీ హెల్త్ వాలంటీరుగా పనిచేయడం గురించి పోయిన నెల ఇదే శీర్షికలో నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. చాలామంది ఒకే అనుమానాన్ని తిప్పితిప్పి అడిగారు: శిక్షణలో అసలు ఏం నేర్పుతారు, మేం పనికొస్తామా అని. నేను ఆ శిక్షణ తీసుకుని, రెండేళ్ళు పనిచేసి, తర్వాత కొత్తగా వచ్చే వాలంటీర్లకు నేర్పే పనిలో కూడా కొన్నాళ్ళు ఉన్నాను. అందుకని మాన్యువల్లో ఉన్నదీ, కాళ్ళకు బురద అంటాక తెలిసిందీ కలిపి చెప్తాను. ఉత్తరాలు కుదించాను, పేర్లు వేయలేదు.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు, బీకాం చదివాను. హెల్త్ వాలంటీరుగా వెళ్ళాలని ఉంది కానీ రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. రెండు మూడు నెలల ట్రైనింగ్‌తో నన్ను సగం డాక్టర్ని చేసేస్తారా?

జవాబు: చేయరు. చేస్తామని ఎవరైనా అంటే అటు వెళ్ళకండి. రక్తం గురించి కంగారు అక్కర్లేదు, నా రెండేళ్ళలో నేను చూసింది మలేరియా పరీక్షకు వేలు గుచ్చితే వచ్చే ఒక్క చుక్కే, ఆ గుచ్చడం కూడా నేను కాదు, అక్కడి ఆరోగ్య కార్యకర్తే చేసేది. మన పనంతా ఆస్పత్రి దాకా రాకముందు ఇంట్లో జరిగే దాని చుట్టూ తిరుగుతుంది. బిడ్డకు విరేచనాలు పట్టుకున్న మొదటి రోజు తల్లి ఏం చేస్తుంది, గర్భిణి ఎన్నో నెలలో మొదటిసారి క్లినిక్ గడప తొక్కుతుంది, పంచిన దోమతెర మంచం మీద ఉందా అటకెక్కిందా, ఇలాంటివి.

నేర్పే విషయాలు లెక్కకు తక్కువే, కానీ ఒక్కోటీ చేతికి అలవాటయ్యేదాకా వదలరు. ఊపిరి లెక్కపెట్టడమే తీసుకోండి. దగ్గుతో ఉన్న బిడ్డకు మామూలు జలుబా, న్యుమోనియానా అని అనుమానించడానికి ఎక్స్‌రే లేని చోట పనికొచ్చే పద్ధతి అది: చొక్కా పైకెత్తి, పొట్ట పైకీ కిందకీ కదలడాన్ని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపు ఉన్న బిడ్డకు నిమిషానికి 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు 40 గానీ ఆపైన గానీ ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టు, ఇక ఆలస్యం చేయకూడదు. రెండు నెలలు కూడా నిండని పసిగుడ్డుకి ఒంట్లో బాగోలేదంటే లెక్కలు వేస్తూ కూర్చోకుండా క్లినిక్‌కి పంపేయడమే.

ఇంతేనా అనిపిస్తుంది కదా. నేను మొదటిసారి ఒక ఏడాదిన్నర పిల్లాడికి లెక్కపెడితే 62 వచ్చింది. న్యుమోనియా కనిపెట్టేశానని గుండె దడదడలాడింది. మా శిక్షకురాలు ఏమీ అనలేదు, పిల్లాడిని తల్లి ఒళ్ళో పెట్టించి, వాడు పాలు తాగి, ఏడుపు మానేసి, కళ్ళు మూతలు పడేదాకా ఆగి, ఇప్పుడు మళ్ళీ చెయ్యమంది. 36. నేను అంతకుముందు లెక్కపెట్టింది వాడి ఏడుపుని. అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణిస్తానన్నా ఒప్పుకోలేదు, పిల్లల ఊపిరి గడియారంలా ఒకే తీరున నడవదు, కాసేపు పరుగెడుతుంది, కాసేపు ఆగినట్టుంటుంది.

చేతికి చుట్టే రంగుల పట్టీ కూడా అంతే. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టి చూస్తారు. 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. 115 నుంచి 125 లోపు పసుపు, అంటే మధ్యస్థ లోపం. ఆపైన ఆకుపచ్చ, అంటే ఫర్వాలేదని. గట్టిగా బిగిస్తే ఆకుపచ్చ పిల్లాడు పసుపులోకి పడతాడు, వదులుగా చుడితే ఎరుపులో ఉండాల్సినవాడు ఏమీ లేదని ఇంటికి వెళ్ళిపోతాడు. రెండోదే భయం. అందుకే ఒకే పిల్లాడికి నలుగురు ట్రైనీల చేత విడివిడిగా కొలిపించి, నాలుగు అంకెలూ బోర్డు మీద రాయిస్తారు, అప్పుడు తెలుస్తుంది ఎవరి చేయి ఎలాంటిదో.

ఇక మీ బీకాం. మా బ్యాచ్‌లో క్లినిక్ వాళ్ళకు అందరికన్నా ముందు ఆప్తుడైంది ఒక అకౌంటెంటు. మందుల రిజిస్టర్లో ఉన్న లెక్కకూ, అలమరలో ఉన్న మాత్రలకూ ఏ నెలా పొంతన కుదిరేది కాదు, నెలాఖరుకి మలేరియా మందు అయిపోయేది, మళ్ళీ వచ్చేదాకా జనం ఊరికే తిరిగి వెళ్ళేవాళ్ళు. ఆయన స్టోర్ చూసే కుర్రాడి పక్కన కూర్చుని రోజూ సాయంత్రం బ్యాలెన్స్ వేయడం అలవాటు చేశాడు. అంతే. మేమంతా పాటలతో, బొమ్మలతో చేతుల శుభ్రత గురించి చెప్పిన దానికన్నా అదే ఎక్కువ పనిచేసిందని నాకు ఇప్పటికీ కాస్త ఈర్ష్య.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ చేసి మూడేళ్ళు ఐసీయూలో పనిచేశాను. నాకు మళ్ళీ ఓఆర్‌ఎస్ కలపడం నేర్పడమేంటండీ? పైగా ఇంజెక్షన్ కూడా ఇవ్వనివ్వరట, నిజమేనా?

జవాబు: నిజమే. మీ కోపం అర్థమైంది, నా బ్యాచ్‌లోనూ ఇద్దరు నర్సులు ఇదే గొడవ పెట్టుకున్నారు. ఒక దేశంలో ఉన్న నర్సు రిజిస్ట్రేషన్ ఇంకో దేశంలో దానంతట అది చెల్లదు, అది చట్టం. నర్సుగానే పనిచేయాలంటే ఆ దేశపు కౌన్సిల్ అనుమతి తెచ్చుకుని, నర్సుల కోసమే ఉన్న పోస్టుకి వెళ్ళాలి. అయితే అసలు కారణం వేరే ఉంది. మీరు ఊళ్ళో రెండేళ్ళు ఇంజెక్షన్లు ఇచ్చారనుకోండి, జనం మీ దగ్గరికే వస్తారు, విదేశీ చేతికి గురి ఎక్కువ కదా. ఆ రెండేళ్ళూ అక్కడి ఆరోగ్య కార్యకర్త గుమ్మం ఎవరూ ఎక్కరు. మీరు విమానం ఎక్కాక ఆమె మాట ఎవరు వింటారు?

ఓఆర్‌ఎస్ సంగతి. ప్యాకెట్ దొరికితే ప్యాకెట్టే వాడాలి, అందులో అనుమానం లేదు. దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, పైన పోగు పడకుండా సమంగా. ఇది మీకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. శిక్షణలో మిమ్మల్ని ఒక ఇంటికి తీసుకెళ్ళి అడిగే ప్రశ్న ఇంకోటి: ఈ ఇంట్లో లీటరు ఏది? అక్కడ కొలపాత్ర ఉండదు. ఒక జాడీ ఉంటుంది, సొట్టపోయిన ఒక గిన్నె, ఎక్కడినుంచో వచ్చిన ఒక ప్లాస్టిక్ సీసా. ఆ సీసా ఎన్ని సార్లు నింపితే లీటరవుతుందో తల్లితో కలిసి తేల్చుకోవాలి, గిన్నె మీద గోరుతో గీత పెట్టించాలి. చెంచా కూడా ఆ ఇంటి చెంచాయే. మా శిక్షకురాలు చెంచా నింపి, కత్తి వెనక వైపుతో పైన పోగైనదాన్ని గీకి పళ్ళెంలో పడేసి, ఆ పడ్డదాన్ని వేరే చెంచాలోకి ఎత్తి చూపించేది: ఇదిగో, మీరు పొరపాటున ఎక్కువ వెయ్యబోయిన ఉప్పు. ఎక్కువ ఉప్పు పసిబిడ్డకు ప్రమాదమని ఐసీయూ నర్సుకి నేను చెప్పనక్కర్లేదు. కలిపాక ముందు తల్లిని రుచి చూడమంటారు, కన్నీళ్ళ కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపడమే. దాంతో పాటు జింక్ 10 నుంచి 14 రోజులు, ఆరు నెలలు దాటిన వాళ్ళకు రోజుకి 20 మిల్లీగ్రాములు, లోపు వాళ్ళకు 10.

ఇంకో మాట, కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. మీరు కలిసి పనిచేయబోయే అక్కడి ఆరోగ్య కార్యకర్త ఈ పని మీకన్నా ముందునుంచీ చేస్తోంది. 1978లో ఆల్మా ఆటా అనే చోట జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రకటన ప్రాథమిక ఆరోగ్యం గురించి చెప్పినప్పుడే ఊరి కార్యకర్తల ప్రస్తావన ఉంది. నేపాల్‌లో 1988లో మొదలైన మహిళా ఆరోగ్య స్వచ్ఛంద సేవికలు ఇప్పుడు 50 వేల మంది దాకా ఉన్నారు. చాలా చోట్ల వీళ్ళకు జీతం లేదు, ఉన్నా అంతంత మాత్రమే. వీళ్ళ పనికి తగిన డబ్బు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మార్గదర్శకాల్లోనే రాసింది. మీకొచ్చే నెలవారీ భత్యం ఆమె సంపాదన కన్నా ఎక్కువ అయి ఉండొచ్చు, ఆ సంగతి ఆమెకు తెలిసి ఉంటుంది కూడా. మొదటి రోజు నుంచే ఆమె చెప్పిన టైముకి, ఆమె చెప్పిన చోటికి వెళ్ళండి. మీకున్న ఐసీయూ కన్ను ఊరికే పోదు, పరిస్థితి విషమించిన బిడ్డను అందరికన్నా ముందు గుర్తుపట్టేది మీరే. పట్టి, ఆమెకు చెప్పండి.

ప్రశ్న: రెండు వారాల "మెడికల్ వాలంటీరింగ్" ప్రోగ్రాం ఒకటి చూశాను. డబ్బు మనమే కట్టాలి. కాన్పుల్లో సాయం చేయొచ్చు, కుట్లు వేయొచ్చు అని ఫొటోలతో సహా పెట్టారు. మంచిదేనా?

జవాబు: కాదు. మీ ఊళ్ళో, మీ అక్క కాన్పుకి, భాష రాని ఒక డిగ్రీ విద్యార్థి చేతులకు గ్లౌజులు వేసుకుని వస్తే ఒప్పుకుంటారా? అక్కడి అక్కకీ అంతే. డబ్బు కట్టించుకోవడమే తప్పని అనను, కొన్ని మంచి సంస్థలు కూడా ఖర్చులు మనల్నే భరించమంటాయి. కానీ అడగాల్సినవి అడగండి: అక్కడ ఏ క్లినిక్కుతో, ఏ ప్రభుత్వ శాఖతో ఒప్పందం ఉంది, నా మీద పర్యవేక్షణ ఎవరిది, నేను చేయకూడని పనుల జాబితా ఎక్కడుంది. ఈ మూడోదానికి సమాధానం లేకపోతే ఆ పేజీ మూసేయండి. రెండు వారాల్లో భాషలో నమస్కారం, థాంక్స్ తప్ప ఏమీ రావు. పిల్లల మొహాలు కనిపించేలా ఫొటోలు పెట్టారంటే అది ఇంకో ప్రమాద సూచన.

ప్రశ్న: మరి ఎక్కడ అప్లై చేయాలి?

జవాబు: క్లుప్తంగా చెప్తాను. అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లలకైతే 1961లో మొదలైన, అమెరికా ప్రభుత్వం నడిపే వాలంటీర్ల సంస్థ పీస్ కోర్ ఉంది, మొత్తం 27 నెలలు, అందులో మొదటి మూడు నెలల దాకా శిక్షణే, అదీ చాలావరకు అక్కడి కుటుంబంతో కలిసి ఉంటూ. పౌరసత్వంతో పని లేకుండా చూడాలంటే జర్మనీలోని బాన్ కేంద్రంగా నడిచే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం, 18 నుంచి 26 ఏళ్ళ వాళ్ళకు విడిగా ఒక విభాగం ఉంది. 1958లో బ్రిటన్‌లో పుట్టిన వాలంటీర్ల సంస్థ వీఎస్‌వో (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) కూడా చూడండి, అయితే వాళ్ళు ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్ళనే అడుగుతారు. సర్టిఫికెట్ పైచదువులకు పనికొస్తుందా అని ఇంకొకరు అడిగారు. ప్రజారోగ్యం కోర్సుల్లో సీటుకి పనికొస్తుంది, నర్సు ఉద్యోగానికి పనికిరాదు.

ప్రశ్న: మా అమ్మాయి రెండేళ్ళకు వెళ్తానంటోంది. పళ్ళతో సహా ఒంట్లో అన్నీ పరీక్షలు చేయించుకోమని పెద్ద లిస్టు ఇచ్చారు. సేవకి వెళ్ళేవాళ్ళకి ఇన్ని పరీక్షలెందుకు? నాకైతే రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు, అక్కడ రోగాలు, కుక్కలు, ఏవేవో చెప్తున్నారు.

జవాబు: అమ్మా, లిస్టు పెద్దదిగా ఉందంటే సంస్థ మంచిదన్నమాట, అది చూసి సగం టెన్షన్ తగ్గించుకోవచ్చు. దంతాల పరీక్ష చూసి నేనూ నవ్వుకున్నాను, కానీ డెంటిస్టు ఒక రోజు ప్రయాణం దూరంలో ఉన్న చోట జ్ఞానదంతం వాస్తే ఏమవుతుందో నా రూమ్మేటుని చూశాక నవ్వలేదు. పరీక్షలు మన కోసమే కాదు, అక్కడి వాళ్ళ కోసం కూడా. 2010లో హైతీలో భూకంపం తర్వాత కలరా వచ్చింది. అది అక్కడికి చేరింది ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళం శిబిరం నుంచి మురుగు నదిలో కలవడం వల్ల, వేల మంది పోయారు. అందులో తమ పాత్ర ఉందని ఐక్యరాజ్యసమితి ఒప్పుకోవడానికి 2016 దాకా పట్టింది. సాయానికి వెళ్ళినవాళ్ళ వెంట రోగం కూడా వెళ్ళగలదు.

టీకాల్లో ఎల్లో ఫీవర్‌ది ముందే చేయించండి, కొన్ని దేశాలు ఆ సర్టిఫికెట్ లేకపోతే లోపలికే రానివ్వవు, టీకా వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. 2016 జులై నుంచి అది జీవితకాలం చెల్లుతుంది కాబట్టి ఒకసారి చేయిస్తే చాలు. కుక్కల విషయానికి వస్తే, ముందుగానే రేబిస్ టీకా వేయించుకుని వెళ్ళడం మంచిది. వేయించుకున్నా సరే, కరిస్తే సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, మళ్ళీ రెండు డోసులు వేయించుకోవాలి. మరి లాభమేంటంటే, మారుమూల దొరకని ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని ఎదుర్కొనే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కోసం పరుగెత్తే పని తప్పుతుంది. మలేరియా ఉన్న చోటైతే మాత్రలు అక్కడ ఉన్నన్నాళ్ళే కాదు, వచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాలి, డాక్సీసైక్లిన్ అనే మాత్ర అయితే నాలుగు వారాలు. వాలంటీర్లలో చాలామంది ఇక్కడే మానేస్తారు, ఇంటికొచ్చేశాం కదా అని. తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ఎక్కడినుంచి వచ్చిందో డాక్టరుకి మొదటి మాటగా చెప్పమనండి.

నిజానికి మీరు భయపడాల్సింది పాములకీ, పురుగులకీ కాదు, రోడ్లకి. రాత్రిపూట ప్రయాణం వద్దు, హెల్మెట్ లేకుండా మోటార్‌సైకిల్ వెనక ఎక్కొద్దు. ఈ రెండూ ఆమె చేత మాట తీసుకోండి. సంస్థని కూడా ఒకటి అడగండి, అర్ధాంతరంగా వెనక్కి తీసుకురావాల్సి వస్తే ఏర్పాటేంటని. 2020 మార్చిలో పీస్ కోర్ 60కి పైగా దేశాల్లో ఉన్న దాదాపు 7,000 మందిని ఒక్కసారిగా వెనక్కి రప్పించింది. అలా రప్పించే ఏర్పాటు ఉన్న సంస్థకే పంపండి.

ప్రశ్న: భాష భయంగా ఉంది. ఆరోగ్యం లాంటి విషయం వచ్చీరాని భాషలో చెప్తే వింటారా?

జవాబు: వింటారు, నవ్వుతారు, ఆ నవ్వు మంచిదే. శిక్షణలో పొద్దున్నంతా భాషే ఉంటుంది, ఆరోగ్యం మధ్యాహ్నం మొదలవుతుంది. మొదట్లో ఇది టైం దండగ అనుకున్నాను.

ఆరో వారంలో ఒక తల్లికి ఇంటి ముందు గట్టు మీద కూర్చుని చెప్పాను: మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, నీళ్ళు కూడా వద్దు అని. బట్టీ పట్టి వెళ్ళాను, ఒక్క తప్పు లేకుండా చెప్పానని పొంగిపోయాను. ఆమె అన్నిటికీ తలూపింది. శిక్షకురాలు ఊరుకుంటుందా, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, మీకు ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్తారా" అని అడగమంది. ఆ తల్లి చెప్పింది కదా, "ఆరు నెలలు బిడ్డకు పాలు పట్టాలి, పాలిచ్చే తల్లి నీళ్ళు తాగకూడదు." నీళ్ళు ఎవరికి వద్దో చెప్పే చిన్న ప్రత్యయం నేను మింగేశాను. ఆమె నా మాట నమ్మి ఉంటే ఎండలో పొలం పని చేసే బాలింత దాహంతో ఉండిపోయేది. తలూపితే అర్థమైనట్టు కాదు, పరాయి మనిషి ముందు మర్యాద అంతే. అప్పటినుంచి చెప్పించుకోకుండా ఏ ఇంటినుంచీ లేవలేదు. అడిగే తీరు కూడా ముఖ్యం, "అర్థమైందా" అంటే పరీక్ష పెట్టినట్టుంటుంది, నేను సరిగ్గా చెప్పానా అంటే తప్పు మన మీద ఉంటుంది.

పదాలు వచ్చినంత మాత్రాన సరిపోదు అనేదానికి పెద్ద ఉదాహరణ పశ్చిమ ఆఫ్రికాలో 2014 నుంచి 2016 దాకా వచ్చిన ఎబోలా. మృతదేహాల నుంచి అంటుకుంటుందని తెలిసి, తెల్ల సూట్లు వేసుకున్నవాళ్ళు వచ్చి శవాలను సంచుల్లో తీసుకెళ్ళిపోతే జనం దాచడం మొదలుపెట్టారు. 2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మతపెద్దలతో కూర్చుని పద్ధతి మార్చింది: సురక్షితంగా, గౌరవంగా ఖననం. ప్రార్థనకి టైము, కుటుంబానికి దూరం నుంచి చూసే వీలు. వాలంటీర్లకు మ్యాపు గీయించే శిక్షణ కూడా ఇందుకే. ఊరి ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ విడివిడిగా కూర్చోబెట్టి తమ ఊరు గీయమంటారు. నేను చూసిన చోట మగవాళ్ళ మ్యాపులో రోడ్డు పెద్దగా ఉంది. ఆడవాళ్ళ మ్యాపులో రోడ్డే లేదు, నీళ్ళ దారి ఉంది, చీకటి పడ్డాక వెళ్ళకూడని చోటు ఉంది. మరుగుదొడ్లు ఎక్కడ కట్టాలని అడిగితే ఏ మ్యాపు చూడాలో మీరే చెప్పండి.

ప్రశ్న: అక్కా, నేను ఇప్పుడు శిక్షణలోనే ఉన్నా, ఏడో వారం. క్లినిక్‌లో అందరూ ఏదో ఒకటి చేస్తుంటారు, నేను బెంచీ మీద కూర్చుంటా. ఎందుకొచ్చానా అనిపిస్తోంది. తిరిగొచ్చేద్దామనుకుంటున్నా, చేతగానిదాన్ని అనుకుంటారేమో.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ఏడో వారం అందరికీ ఇలాగే ఉంటుంది, కొత్తదనం పోతుంది, పని ఇంకా రాదు. వెళ్ళిపోవాలనుకుంటే శిక్షణలో ఉండగానే వెళ్ళడం మేలు, అందులో సిగ్గేం లేదు. ఊళ్ళో చేరి, అందరికీ మాటిచ్చి, ఆరు నెలలకు మాయమైతేనే కష్టం. మా బ్యాచ్‌లో ఇద్దరు వెళ్ళిపోయారు, ఒకతను తర్వాత మంచి ఎపిడెమియాలజిస్టు, అంటే రోగాలు ఎలా వ్యాపిస్తాయో పరిశోధించే నిపుణుడు, అయ్యాడు.

కానీ బెంచీని తక్కువగా చూడకు. నేనూ అక్కడే కూర్చున్నాను, విసుగుతో ఎవరెవరు వస్తున్నారో నోట్‌బుక్కులో గీతలు పెట్టడం మొదలుపెట్టాను. టీకాల రోజు పది గంటలకు పాతిక మంది తల్లులు ఉండేవాళ్ళు, పదకొండుకి పది మంది. మిగతావాళ్ళు టీకా వేయించకుండానే లేచి వెళ్ళిపోతున్నారు. ఎందుకని అడిగితే, పదకొండుకి ఊళ్ళో నీళ్ళ పంపు తెరుస్తారు, అప్పుడు లేకపోతే ఆ రోజుకి నీళ్ళు లేవు. క్లినిక్‌లో వాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు, అందరూ లోపల పనిలో ఉన్నారు కదా. నేను నర్సుకి గీతలు చూపించాను, ఆవిడ టీకాల రోజు ఎనిమిదికే తలుపులు తీయడం మొదలుపెట్టింది. రెండేళ్ళలో నేను చేసిన అతి పెద్ద పని బహుశా అదే, అదీ నాకు భాష సరిగ్గా రాకముందు.

ఇంకో రెండు వారాలు ఉండు. రోజూ ఎవరు వచ్చారు, ఎవరు చూపించుకోకుండా వెళ్ళిపోయారు, ఏ టైముకి, ఇంతే రాసుకో. ఆ నోట్‌బుక్ మీ శిక్షకులకు చూపించి, అప్పటికీ ఉండబుద్ధి కాకపోతే టికెట్ సంగతి మాట్లాడు.